కదలనివాడి ప్రయాణాలు

గోదాముల వెనక వీధి, పైగది నుంచి

బామ్మర్దికి,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. పోవాల్సినవాళ్ళు ముందే పోయారు. పని ఉండి రాస్తున్నాను, ప్రేమ పొంగి కాదు.

నా రాత సంగతి నీకు తెలుసు. బస్సు తిప్పిన చెయ్యి కలం పట్టుకుంటే అక్షరం ఒక్క పట్టాన మలుపు తిరగదు. నువ్వు బోర్డులు రాసినవాడివి, చూసి నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. చేస్తే ముందు నువ్వు హలో అంటావు. ఆరేళ్ళ తర్వాత ఆ హలోకి ఏం బదులు చెప్పాలో నాకు తోచలేదు.

సంగతి ఇది. రవాణా పరిశోధన సంస్థ అని ఒకటి ఉందట. ఈ ఊరి జనం ఎక్కడికి పోతున్నారు, ఎందులో పోతున్నారు, దేనికి పోతున్నారు అని కొన్ని ఇళ్ళు ఏరుకుని అడుగుతున్నారు. మా వీధిలో నా గది తగిలింది. వారానికోసారి ఒక అమ్మాయి వస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ ఉన్నా బెడ్డు పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. మంచిదే, పాపం.

మొదటి వారం ఎక్కడికి వెళ్ళారు తాతగారూ అని అడిగింది. ఎక్కడికీ పోలేదన్నాను. పాలకి? కింద కొట్టువాడు పైకి పంపిస్తాడు. ఆసుపత్రికి? నాకు రోగం లేదు. చుట్టాల ఇంటికి? లేరన్నాను. ఏదో రాసుకుంది. ఏం రాశావో చదువు అన్నాను. కాస్త నసిగి చదివింది. మా లెక్కలో మీలాంటి వారిని 'కదలనివారు' అంటాం, అంది.

నేను కదలనివాడిని. విన్నావా. సర్వీసంతా ఈ డిపో నుంచి వంతెన దాటి మీ కాలువ వీధి దాకా బండి లాగినవాణ్ణి. ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకీ సగం పురుళ్ళకీ జనాన్ని చేర్చినవాణ్ణి. మొహం మీద కొట్టినట్టయింది. మరిచిపోయానమ్మా, మా బామ్మర్ది ఇంటికి వెళ్ళాను, వారం వారం వెళ్తాను అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

అందుకని ఎవరైనా వచ్చి అడిగితే, అవును వస్తాడు అని చెప్పు. నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. నేను నీతో మాట్లాడక్కర్లేదు. వస్తున్నట్టు ఉంటే చాలు.

బావ

*

కాలువ వీధి, మన ఇల్లు

హారన్ బావకి,

నువ్వు వారం వారం మా ఇంటికి వస్తున్నావని నాకు ఇప్పుడే తెలిసింది. ముందే చెబితే కుర్చీ అయినా తుడిచి పెట్టేవాణ్ణి కదా. వచ్చినవాడికి మంచినీళ్ళైనా ఇచ్చానా లేదా? లేకపోతే పైనున్న అక్క నన్ను ఊరుకోదు.

సరే. ఎవరడిగినా వస్తాడని చెబుతాను. ఆరేళ్ళ కింద, అక్క పోయిన నెలలో, ఒక్కడివీ ఆ గదిలో ఎందుకు, ఇక్కడికి వచ్చెయ్ బావా అన్నందుకు, 'ఈ వయసులో నన్ను ఇల్లరికం తెచ్చుకుంటావా' అని నా మీద లేచి వెళ్ళినవాడివి. ఇప్పుడు అడక్కుండానే వస్తున్నావు. వద్దంటానా?

కాకపోతే ఒకటి. ఆ అమ్మాయి తెలివైనదైతే, అక్కడ ఏం చేస్తారు, ఏం మాట్లాడుకుంటారు అని అడుగుతుంది. నువ్వొకటి నేనొకటి చెబితే ఇద్దరం దొరికిపోతాం. నువ్వేం చెప్పావో రాయి. దాన్నిబట్టి నేనూ గుర్తుపెట్టుకుంటాను.

నీ అక్షరాలు చూసి నవ్వలేదు. ఒక్క 'క' దగ్గర మాత్రం కాస్త నవ్వాను.

నీ బామ్మర్ది

*

గోదాముల వెనక వీధి, పైగది

బామ్మర్దికి,

'క' ఎలా రాయాలో నాకు నేర్పక్కర్లేదు. చదవడానికి వచ్చిందిగా.

చెప్పినవి రాస్తున్నాను. బుధవారం పొద్దున టిఫిన్ అయ్యాక బయలుదేరుతాను. డిపో దగ్గర ఎక్కుతాను. వంతెన దాటాక చెక్కల మిల్లు, తర్వాత నీళ్ళ ట్యాంకు, తర్వాత కాలువ మలుపు, అక్కడ దిగుతాను. దిగి నాలుగడుగులు వేస్తే మీ గేటు. ఈ స్టాపులన్నీ ఒక్క గుక్కలో చెప్పేసరికి ఆ అమ్మాయి రాయడం ఆపి నా వంకే చూసింది. డ్రైవర్‌ని కదమ్మా అన్నాను.

బస్సు కోసం ఎంతసేపు నిలబడతారు, మెట్టు ఎత్తుగా ఉందా, సీటు దొరుకుతుందా, దొరక్కపోతే ఎవరైనా లేస్తారా అని అడుగుతుంది. ఇన్నేళ్ళు బస్సు నడిపాను గానీ ఎక్కేవాడికి మెట్టు ఎత్తుగా ఉంటుందా అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. ఉంటుందమ్మా, మోకాలు పట్టేస్తుంది అని చెప్పాను. మనసులో ఊహించుకుని చెప్పినా నిజంగానే మోకాలు నొప్పి పుట్టింది.

మనం ఏం చేస్తామంటే, నువ్వు నా బస్సుల నుదుటి బోర్డులు రాసిన రోజుల గురించి మాట్లాడుకుంటాం. మధ్యలో నువ్వు కునుకు తీస్తావు. నేను లేపను. సాయంత్రం ఎండ చల్లబడ్డాక వచ్చేస్తాను. ఇది చెప్పాను.

ఇంటి సంగతులు కూడా రాయి. గేటు పాతదేనా, రంగు మార్చావా? ముందు గదిలో మీ అక్క కూర్చునే చెక్క ఊయల ఉందా, తీసేశావా? అడిగితే తడుముకోకూడదు.

ఆమె బుధవారానికి మర్నాడు వస్తుంది. ఈసారి చొక్కా ఇస్త్రీ చేయించాను. బయటికి పోయి వచ్చినవాడిలా కనపడాలి కదా.

బావ

*

కాలువ వీధి, మన ఇల్లు

బావకి,

రాసుకో. గేటుకి నీలం రంగు వేశాను. పాత పచ్చరంగు పెచ్చులు లేచి చేతులకు అంటుకునేది. గడియ ఇప్పటికీ మొండిదే, పైకెత్తి లాగాలి, నువ్వు తిట్టుకుంటూ లాగేవాడివి, అలాగే. అరుగు మీద రెండో బండ కదులుతుంది, దాని మీద కాలు పెట్టకు. ఊయల ఉంది. ఎవరూ ఊగరు. గొలుసుకి నూనె పెడుతుంటాను. కిటికీ పక్క గోడ మీద నేను కుంచెలు తుడుచుకున్న మరకలు అలాగే ఉన్నాయి. వెల్ల వేసినప్పుడల్లా ఆ ఒక్క చోటు వదిలేయమంటాను. పొద్దున ఎండ సరిగ్గా ఆ మరకల మీద పడుతుంది. నువ్వు కూర్చునే కుర్చీ దానికి ఎదురుగా వేశాను.

పైన బస్సుల చప్పుడుకి నిద్ర చెడుతోంది, అదొక్కటే బాధ. మిగతా అంతా బాగుంది.

నువ్వు నన్ను లేపకపోవడం మంచిదే. కానీ మధ్యాహ్నం నేను కునుకు తీస్తే నీకు తోచదు. ఆ టైములో నువ్వు ఊయల మీద కూర్చున్నావని చెప్పు. ఊగావని చెప్పు. ఎవరో ఒకరు ఊగాలి కదా.

బామ్మర్ది

*

గోదాముల వెనక వీధి, పైగది

బామ్మర్దికి,

రెండు ఉత్తరాలు రాశావు. రెండూ తీసి చదువుకున్నాను. గేటు రాశావు, బండ రాశావు, గోడ మీద మరకలు రాశావు. 'నిజంగానే రా బావా' అని ఒక్క ముక్క రాయలేదు. నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు, కనిపెట్టలేకపోవడానికి. ఆరేళ్ళ కింద నేను రానన్నది మనసులో పెట్టుకున్నావు. పెట్టుకో.

పైన బస్సుల చప్పుడు అన్నావు. బస్సు పైనెలా పోతుంది? మేడ మీద డిపో పెట్టారా? రాసేటప్పుడు చూసుకుని రాయి.

ఇప్పుడొచ్చిన చిక్కు విను. ఆ సర్వే అమ్మాయి మీతో పాటు ఒకసారి వస్తాను అంటోంది. పెద్దవాళ్ళు బస్సు ఎలా ఎక్కుతారు, ఎక్కడ ఆగుతారు, రోడ్డు ఎలా దాటుతారు అని వెంట నడిచి చూడటం కూడా వాళ్ళ పరిశోధనలో ఒక భాగమట. కొందరిని ఎంచుకుంటారట. మీరైతే బాగుంటుంది తాతగారూ అంది. కాదంటే అనుమానం. సరే అన్నాను.

వచ్చే బుధవారం వస్తున్నాం. నువ్వు పిలవలేదు కాబట్టి చుట్టంగా కాదు, సర్వే పని మీద వస్తున్నాను. గేటు దగ్గర నిలబడి, రా బావా, ఈ వారం ఆలస్యమైందే అను. అంతే. ఆమె వెళ్ళాక మాట్లాడకపోయినా పర్వాలేదు.

బావ

*

కాలువ వీధి

బావకి,

ఈ బుధవారం వద్దు. నేను ఊళ్ళో ఉండను. ఇంటికి వెల్ల వేయిస్తున్నాను, సామానంతా బయట ఉంది. తర్వాతి వారం కూడా కుదరదేమో. నీకు ఒంట్లో బాగోలేదని ఆ అమ్మాయితో చెప్పెయ్. మోకాలు అను.

కోపం తెచ్చుకోకు. నీ మీద మనసులో ఏమీ పెట్టుకోలేదు. అది ఒట్టు.

బామ్మర్ది

*

గోదాముల వెనక వీధి, పైగది

ఒరేయ్,

వచ్చాను. నువ్వు వద్దన్న ఉత్తరం మంగళవారమే అందింది. నా మోకాలు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి అనుకున్నాను. ఊళ్ళో లేకపోతే లేడు, తాళం చూపించి, అయ్యో చెప్పకుండా పోయాడే అని వచ్చేయొచ్చు అనుకున్నాను. ఆ నీలం గేటైనా ఒకసారి చూడొచ్చు కదా అనుకున్నాను.

డిపో దగ్గర ఎక్కాం. ఇప్పుడు బస్సు తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. నుదుటి మీద నీ అక్షరాలు లేవు, ఎర్ర దీపాల్లో పేరు పాకుతూ పోతోంది, చదివేలోపు అయిపోతోంది. ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. వంతెన దాకా నేనే మాట్లాడాను. ఇక్కడ ఎడమ వైపు పట్టుకోవాలి, ఇక్కడ బ్రేకు మీద కాలుండాలి అని. బాగానే ఉంది. వంతెన దిగాం. ఒక స్టాపులో ఆగింది. ఇక చెక్కల మిల్లు వస్తుందమ్మా అన్నాను.

బస్సు పైకెక్కింది. కింద రోడ్డు పక్కకి తప్పుకుంది. రెండు వైపులా సిమెంటు గోడ. గోడకి అవతల మేడల పైకప్పులు, వాటి మీద ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు. మిల్లూ లేదు, నీళ్ళ ట్యాంకూ లేదు. నేను లేచి నిలబడి, కాలువ మలుపు, ఆపు అని అరిచాను. బస్సంతా నన్నే చూసింది. డ్రైవర్ కుర్రాడు అద్దంలో చూస్తూ, ఆ పేరుతో స్టాపు లేదు తాతా, కూర్చో, పడతావు అన్నాడు. నాతో అన్నాడు. నేను నడిపిన రూటులో.

పైదారి దిగేసరికి ఎక్కడో మార్కెట్లో ఉన్నాం. దిగి వెనక్కి నడిచాం. నడవడానికి దారి లేదు. రోడ్డు దాటడానికి చోటు లేదు. ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను. అడుగు వేసినచోటల్లా ఫొటో తీసుకుంటూ వచ్చింది. పైదారి కింద నడిచి నడిచి, కాలువ కనపడ్డాక తెలిసింది, ఇదే వీధి అని. వీధి సగమే ఉంది. మీ వైపు లేదు. మీ ఇల్లు ఉండాల్సినచోట బూడిదరంగు స్తంభం ఉంది. దాని చుట్టూ ఆపేసిన బండ్లు ఉన్నాయి. పైన బస్సులు పోతున్నాయి.

గేటు లేదు. మొండి గడియ లేదు. నువ్వు మరకల మీద పడే ఎండ గురించి కూడా రాశావు. అక్కడ ఎండే పడదు.

నేను స్తంభం దగ్గర అలాగే నిలబడ్డాను. ఆ అమ్మాయి ఫొటోలు తీయడం ఆపేసింది. అప్పుడు నాకే తల కొట్టేసినట్టయింది. నేను అబద్ధాలకోరునమ్మా, ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయింది అన్నాను. ఆమె నాకు రెండో వారమే తెలుసు అంది. నేను చెప్పిన స్టాపులు తీసేసి చాలా కాలమైందట, ఆఫీసులో ఎవరు చూసినా తెలిసిపోతుందట. మరి ఎందుకు ఊరుకున్నావు అన్నాను. ఎందుకు వెంట వచ్చావు, వేళాకోళానికా అని కూడా అన్నాను. ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"వెళ్ళిన ప్రయాణాలు ఎవరైనా లెక్కపెడతారు తాతగారూ. వెళ్ళాలని ఉండి వెళ్ళలేనివి ఎవరి లెక్కలోకీ రావు. ఇక్కడ దిగేవాళ్ళు తక్కువ అనే కదా ఈ స్టాపులు తీసేసింది. నేను వెతుకుతున్నది వెళ్ళలేని ఆ ప్రయాణాలే."

అంటే నా అబద్ధం కూడా ఒక ప్రయాణమేనట. చదువుకున్నవాళ్ళ లెక్క నాకు అర్థం కాదు. కానీ కోపం మాత్రం తగ్గింది, ఆమె మీద.

నీ మీద తగ్గలేదు. పక్కన సైకిల్ షాపు ఉంది చూడు, అతన్ని అడిగాను. కాలువ వీధి ఉత్తరాలన్నీ పోస్ట్‌మాన్ నా దగ్గరే పడేస్తాడు, వీధి పోయినా ఉత్తరాలు ఆగలేదు అన్నాడు. పెయింటర్ గారు ఎక్కడ అంటే, ఇప్పుడే ఇక్కడ కూర్చున్నారే, మిమ్మల్ని చూసి లోపలికి పోయినట్టున్నారు అన్నాడు.

నేను లోపలికి రాలేదు. నువ్వు బయటికి రాలేదు.

బావ

*

సైకిల్ షాపు వెనక గది

బావకి,

అవును, చూశాను. నువ్వు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డావు. నెత్తిన జుట్టు మొత్తం పోయింది, నాకు తెలియదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నావు. ఒక్క అడుగు ముందుకు వేస్తే అయిపోయేది. టైర్ల వెనక నిలబడిపోయాను. మొహం చెల్లలేదు బావా.

ఇల్లు పడగొట్టి నాలుగేళ్ళయింది. వీధిలో ఒక వైపు కావాలన్నారు, మన వైపు వచ్చింది. ఎంతో కొంత ఇచ్చారు, పుచ్చుకున్నాను. ఎవరితో చెప్పుకోవాలి? నీకు రాద్దామనుకున్నాను. నీ ఇంటికి రాను అని వెళ్ళినవాడికి, ఇప్పుడు రావాలన్నా ఇల్లు లేదు అని ఎలా రాయను? బోర్డులు రాసే పనులూ పోయాయి. ఈ షాపువాడు మంచివాడు. వెనక గదిలో ఉండనిస్తాడు. ట్యూబులకి ప్యాచీలు వేసిపెడుతుంటాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. వారం వారం మీ ఇంటికి వస్తున్నాను అని. అది చదివి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నువ్వు వస్తున్నావంటే ఆ ఇల్లు ఉన్నట్టే కదా బావా. గేటుకి రంగు వేశాను. నిజంగానే వేశాను, కళ్ళు మూసుకుని, ఏ రంగు బాగుంటుందా అని రెండు రోజులు ఆలోచించి. ఊయల గొలుసుకి నూనె పెట్టాను. బుధవారం వస్తే నువ్వు వచ్చే టైమని అనిపించేది. రా అని మాత్రం రాయలేకపోయాను. రాస్తే వచ్చేస్తావని భయం.

నువ్వు రావద్దని కోరుకున్నవాణ్ణి కాదు. నువ్వు ఎక్కడికి రావాలో తెలియనివాణ్ణి.

బామ్మర్ది

*

గోదాముల వెనక వీధి, పైగది

బామ్మర్దికి,

ఉత్తరం అందింది. చదివాను. దాని గురించి ఇంకేం రాయను, నాకు చేతకాదు.

పని మాట రాస్తున్నాను. నాకు ఈ పైగది కాకుండా పక్కన చిన్నగది ఉంది. పాత స్టవ్వు, విరిగిన మంచం ఉన్నాయి. కింద కొట్టువాడితో చెప్పి తీయించేస్తాను. కిటికీ ఉంది. పొద్దున ఎండ వస్తుంది. వచ్చి ఉండు. టైర్ల వాసనలో ఎందుకు? నేను మాట్లాడేది తక్కువే, నీకు అడ్డు ఉండదు.

బావ

*

సైకిల్ షాపు వెనక గది

బావకి,

రాను. కోపం తెచ్చుకోకు, నువ్వు రానన్నప్పుడు నేను తెచ్చుకోలేదు.

ఇల్లు ఉన్నప్పుడు నిన్ను రమ్మన్నాను. ఇల్లు లేనప్పుడు నీ ఇంటికి రావడం వేరు. మీ వీధిలో వాళ్ళు ఎవరు అని అడుగుతారు, భార్య తమ్ముడు, దిక్కులేక వచ్చాడు అని నువ్వు అనకపోయినా వాళ్ళంటారు. నీకున్నంత రోషం లేకపోయినా నాకూ కొంచెం ఉంది. అక్క ఇచ్చి పోయినట్టుంది.

పోనీ నువ్వు ఇక్కడికి రా అందామంటే ఈ గదిలో ఇద్దరు కూర్చుంటే ఒకరు టైరు మీద కూర్చోవాలి. పడుకుంటే కాళ్ళు షాపులోకి వస్తాయి. నిన్ను అలా కూర్చోబెట్టలేను. ఏం చేద్దామో నువ్వే చెప్పు. నాకు తోచడం లేదు. రాత్రిళ్ళు ఆలోచిస్తుంటే పైన బస్సులు పోతుంటాయి. అందులో నువ్వు ఉన్నావా అనుకుంటాను, ఉండవని తెలిసి.

బామ్మర్ది

*

గోదాముల వెనక వీధి, పైగది

బామ్మర్దికి,

రానంటే రాకు. కాళ్ళు పట్టుకుని బతిమాలను.

కానీ ఒకటి చెబుతాను, విను. నేను నీ ఇంటికి రాను, నువ్వు నా ఇంటికి రావు. సరే. బస్సు ఎవరిది? నాదీ కాదు, నీదీ కాదు. బస్సులో కూర్చుంటే ఎవరింటికి ఎవరూ వచ్చినట్టు కాదు. ఎవరూ ఎవరికీ మర్యాద చేయక్కర్లేదు, మంచినీళ్ళ సీసా ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారు.

బుధవారం పొద్దున నేను డిపోలో ఎక్కుతాను. వంతెన దిగాక ఒక స్టాపు ఉంది చూడు, పైదారి ఎక్కకముందు. నువ్వు అక్కడ దాకా నడిచి వచ్చి నిలబడు. నీకు కొంచెం దూరమే, తెలుసు. నిదానంగా రా. ఎడమ వైపు, వెనక చక్రం మీది సీటు. అది ఎత్తుగా ఉంటుందని ఎవరూ కూర్చోరు, ఎప్పుడూ ఖాళీయే, డ్రైవర్‌గా అద్దంలో చూసి చూసి తెలుసుకున్నాను. నీకు కిటికీ పక్క ఉంచుతాను. చివరిదాకా పోదాం. అదే బస్సులో వెనక్కి వద్దాం. నువ్వు నీ స్టాపులో దిగు, నేను నా డిపోలో దిగుతాను.

ఆ రోజులా నన్ను చూసి, గుర్తుపట్టనట్టు టైర్ల వెనక్కి పోకు.

బావ

*

గోదాముల వెనక వీధి, పైగది

బామ్మర్దికి,

వచ్చావు. బాగుంది.

చిక్కిపోయావు. అది అక్కడే చెప్పాను, మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు విననట్టు కిటికీలోకి చూశావు. పాలు తాగు.

ఆ సర్వే అమ్మాయి నిన్న చివరిసారి వచ్చి వెళ్ళింది. వాళ్ళ సర్వే అయిపోయిందట, మరో ఊరికి పోతోందట. కాలువ దగ్గర మెట్లదారి, ఒక స్టాపు కావాలని రిపోర్టులో రాశారట. వేస్తారా అని అడిగాను. రాయడం వరకే మా పని తాతగారూ అంది. పోయేముందు, ఈ వారం ఎక్కడికి వెళ్ళారు అని అడిగింది. నిజమే చెప్పాను. ఎక్కడ దిగారు అంది. ఎక్కడా దిగలేదమ్మా, ఎక్కినచోటే దిగాను అన్నాను. ఆమె నవ్వి కలం మూసేసింది. గురువారాలు ఇక గడవడం కష్టం. స్టూలు అక్కడే ఉంచాను, తీయలేదు.

బస్సులో మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆరేళ్ళ మాటలు ఉంటాయనుకున్నాను, కూర్చున్నాక ఒక్కటీ గుర్తు రాలేదు. నీకూ అంతే అయినట్టుంది. ఇద్దరం ముందు సీటు రాడ్డు పట్టుకుని కొత్తగా బస్సెక్కినవాళ్ళలా కూర్చున్నాం. పర్వాలేదు. అలవాటు కావాలి.

ఇంకొకటి. పైదారి మీద పోతున్నప్పుడు నువ్వు కిటికీలోంచి కిందికి చెయ్యి చూపించి ఏదో అన్నావు. కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి, ఇంజన్ మోత, నాకు ఒక్క ముక్క వినపడలేదు. మళ్ళీ అడిగితే బాగుండదని తల ఊపాను. అప్పటినుంచి ఏమన్నావో అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఏమన్నావో రాయి.

బుధవారం వస్తాను.

బావ

*

సైకిల్ షాపు వెనక గది

బావకి,

పెద్ద మాటేం కాదు. బస్సు సరిగ్గా మన ఇంటి మీదికి వచ్చినప్పుడు, ఇంటికి వచ్చావు బావా, కూర్చో అన్నాను.

నువ్వు తల ఊపావు.

బామ్మర్ది